అస్తిత్వాభ్యుపగమం – అనుమాన ప్రామాణ్యం: ప్రాఙ్నన్నయ కావ్యచర్చకు అన్వయం

వ్యాససంగ్రహం

ఒక వర్గానికి చెందిన వస్తువులన్నింటి గురించీ ఏదైనా చెప్పినప్పుడు, ఆ వర్గంలో కనీసం ఒక వస్తువైనా ఉందని చెప్పినట్లవుతుందా? ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టి కొన్ని అనుమానాలు నిలుస్తాయి, కొన్ని కూలిపోతాయి. అరిస్టాటిల్ సంప్రదాయం, ఆధునిక తర్కం, న్యాయ-బౌద్ధ దర్శనాలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. న్యాయశాస్త్రంలోని ఆశ్రయాసిద్ధిని పాశ్చాత్య తర్కంలోని అస్తిత్వదోషంతో సమానం చేయడం సరికాదని నిరూపిస్తుంది. నన్నయకు పూర్వపు తెలుగు కావ్యాల గురించిన వాదసరణికి ఈ వివేచనను అన్వయిస్తుంది.

కీలకపదాలు: అస్తిత్వాభ్యుపగమం, శూన్యవర్గం, ఆశ్రయాసిద్ధి, యోగ్యానుపలబ్ధి, అర్థాపత్తి, ప్రాఙ్నన్నయ యుగం.

1. ఉపోద్ఘాతం

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అనే సామెత తెలుగువారందరికీ తెలిసినదే. తొందరపాటును ఎత్తిపొడవడానికి దీన్ని వాడుతారు. తార్కికదృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం కూడా ఉంది. పేరు పెట్టడంలో తప్పు లేదు. ఆ పేరు పెట్టుకోవలసినవాడు ఉన్నాడా అన్న ప్రశ్న తేలకముందే, ఉన్నట్లుగా మాట్లాడటంలోనే తప్పుంది. సోమలింగం ఎలాంటివాడు, ఏం చదువుతాడు, ఎవరిని పెళ్ళాడతాడు అన్న చర్చ ఎంత క్రమబద్ధంగా సాగినా, దానికి ఆధారమైన వ్యక్తి లేడు. చర్చలోని ప్రతి మెట్టూ సవ్యంగానే ఉండవచ్చు. మొదటి మెట్టు కింద నేల లేదు.

సాహిత్యపరిశోధనలో ఇటువంటి పరిస్థితి అరుదు కాదు. అలభ్య కృతులు, కాలం తేలని కవులు, ఆనవాళ్ళు మాత్రమే మిగిలిన ప్రక్రియలు పరిశోధకుని నిత్యవ్యవహారంలో భాగం. వాటి గురించి సార్వత్రిక వాక్యాలు చెప్పడం, ఆ వాక్యాల నుంచి నిర్దిష్టమైన నిర్ణయాలు రాబట్టడం తరచుగా జరుగుతుంది. ఆ రాబట్టడం ఎంతవరకు సప్రమాణం? దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా అస్తిత్వాభ్యుపగమ సమస్యను దాని సొంత రంగంలో, అంటే తర్కంలో అర్థం చేసుకోవాలి. అభ్యుపగమం అంటే నిరూపించకుండానే ఒప్పుకొని ముందుకు సాగడం.

2. అరిస్టాటిల్ సంప్రదాయం: నాలుగు వాక్యాలు, వాటి సంబంధాలు

అరిస్టాటిల్ తర్కంలో ప్రధానమైన వాక్యరూపాలు నాలుగు. “కవులందరూ పండితులు” అనేది సార్వత్రిక విధివాక్యం. “ఏ కవీ పండితుడు కాడు” అనేది సార్వత్రిక నిషేధవాక్యం. “కొందరు కవులు పండితులు” అనేది పాక్షిక విధివాక్యం. “కొందరు కవులు పండితులు కారు” అనేది పాక్షిక నిషేధవాక్యం. ఈ నాలుగింటి పరస్పర సంబంధాలను ఒక చతురస్రంగా చూపడం తర్వాతి బోధకుల సంప్రదాయం. అందులో ముఖ్యమైనది, సార్వత్రిక వాక్యం నుంచి పాక్షిక వాక్యానికి దిగవచ్చుననే నియమం. కవులందరూ పండితులైతే, కొందరు కవులు పండితులు కావడంలో సందేహమేముంది?

‘కవులు’ అనేచోట ‘గగనకుసుమాలు’ అని పెట్టి చూస్తే సందేహం తలెత్తుతుంది. “గగనకుసుమాలన్నీ కుసుమాలు” అనే వాక్యాన్ని కాదనడం కష్టం. “కొన్ని గగనకుసుమాలు కుసుమాలు” అంటే మాత్రం, అటువంటివి కొన్ని ఉన్నాయని ఒప్పుకోవలసి వస్తుంది. అంటే సార్వత్రికం నుంచి పాక్షికానికి దిగే మెట్టు, వర్గం శూన్యం కాదనే అభ్యుపగమం మీద నిలబడి ఉంది.

అరిస్టాటిల్‌కు ఈ ఇబ్బంది బొత్తిగా తట్టలేదనడం న్యాయం కాదు. ‘కేటగొరీస్’ గ్రంథం పదో అధ్యాయంలో ఆయన సోక్రటీస్ ఉదాహరణ తీసుకున్నాడు. సోక్రటీస్ అనే వ్యక్తే లేకపోతే, అతడు రోగి అనే వాక్యం అసత్యమని, అతడు రోగి కాడనే వాక్యం సత్యమని తేల్చాడు. విధివాక్యం తన ఉద్దేశ్యానికి ఉనికిని కోరుతుందని, నిషేధవాక్యం కోరదని దీని సారాంశం. మధ్యయుగపు ఐరోపా తార్కికులలో పలువురు ఈ దారినే అనుసరించారు. ఈ వ్యాఖ్యానం ప్రకారం శూన్యవర్గం విషయంలో రెండు విధివాక్యాలూ అసత్యాలు, రెండు నిషేధవాక్యాలూ సత్యాలు. అప్పుడు చతురస్రంలోని ఏ సంబంధమూ చెదరదు.

అయితే దీనికి ఒక మూల్యం ఉంది. “ఏ గగనకుసుమమూ తెల్లనిది కాదు” అనే నిషేధాన్ని “ప్రతి గగనకుసుమమూ తెలుపు కానిది” అనే విధిరూపంలోకి మార్చడం ఇక కుదరదు. మొదటిది సత్యం, రెండోది అసత్యం. ఒకచోట అభ్యుపగమాన్ని వదులుకుంటే మరొకచోట ఒక అనుమానరీతిని వదులుకోవలసిందే.

3. ఆధునిక తర్కం: పదిహేను, తొమ్మిది

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ సమస్యకు వేరొక పరిష్కారం స్థిరపడింది. 1874లో ఫ్రాంజ్ బ్రెంటానో సార్వత్రిక విధివాక్యాన్ని కూడా ఒక లేమి ప్రకటనగా అర్థం చేసుకోవాలన్నాడు. “మనుషులందరూ మరణశీలురు” అంటే “మరణశీలుడు కాని మనిషి లేడు” అని మాత్రమే. జార్జ్ బూల్ 1854 నాటి గ్రంథంతో ప్రతిష్ఠితమైన బీజగణిత పద్ధతి, జాన్ వెన్ 1880లో ప్రతిపాదించిన చిత్రపద్ధతి ఈ అవగాహనకు అనువైన సాధనాలయ్యాయి. నేడు తరగతిగదుల్లో బోధించే చిత్రాలలో సార్వత్రిక వాక్యానికి చేసే పని ఒక భాగాన్ని నలుపు చేయడమే, అంటే అక్కడ ఏమీ లేదని చెప్పడమే. ఏదో ఒకటి ఉందని చెప్పే గుర్తు పాక్షిక వాక్యానికి మాత్రమే పెడతారు. నలుపు ఎంత పూసినా గుర్తు పుట్టదు.

ఫలితం స్పష్టంగా లెక్కకు అందుతుంది. మూడు వాక్యాలతో కూడిన న్యాయానికి సాధ్యమయ్యే 256 రూపాలలో సంప్రదాయం 24 రూపాలను సప్రమాణమంటుంది. ఆధునిక పఠనంలో వాటిలో 15 మాత్రమే ఏ అదనపు షరతూ లేకుండా నిలుస్తాయి. మిగిలిన 9 రూపాలకూ ఏదో ఒక పదం శూన్యం కాదనే షరతు కావాలి. ఆ తొమ్మిదింటిలోనూ ఆధారవాక్యాలు రెండూ సార్వత్రికాలు, నిగమనం పాక్షికం. వాటిలో డరాప్టి అనే పేరుతో ప్రసిద్ధమైన రూపం ఈ వ్యాసానికి ముఖ్యం. అందులో ఒకే మధ్యపదం గురించి రెండు సార్వత్రిక విధివాక్యాలు చెప్పి, ఆ రెండు ధర్మాలూ కలిసి ఉండే వస్తువులు కొన్ని ఉన్నాయని నిగమిస్తారు. మధ్యపదం శూన్యమైతే ఆధారాలు రెండూ నిలుస్తాయి, నిగమనానికి మాత్రం పూచీ ఉండదు.

ఈ పఠనాన్ని అందరూ అంగీకరించలేదు. లూయిస్ కారల్ 1896 నాటి తన తర్కగ్రంథంలో సార్వత్రిక విధివాక్యానికి ఉనికిని అంటగట్టాడు. పి. ఎఫ్. స్ట్రాసన్ 1952లో మూడో దారి చూపాడు. ఉనికి వాక్యంలో చెప్పిన విషయం కాదు, వాక్యం సత్యమో అసత్యమో కావడానికి ముందుగా నెరవేరవలసిన నిబంధన అన్నాడు. ఒక శాఖలో ఆచార్య పదవులన్నీ ఖాళీగా ఉన్నాయనుకుందాం. “ఆ శాఖలోని ఆచార్యులందరూ సెలవులో ఉన్నారు” అని ఎవరైనా చెబితే, విన్నవాడు అది నిజమని గాని అబద్ధమని గాని అనడు. అక్కడ ఆచార్యులే లేరు కదా అంటాడు. మరోవైపు “గ్రంథచౌర్యానికి పాల్పడిన పరిశోధకులందరూ శిక్షార్హులు” అనే నిబంధన, అటువంటివారు ఒక్కరూ లేకపోయినా చెల్లుతుంది. అటువంటివారు లేకుండా చేయడమే దాని ప్రయోజనం. సార్వత్రిక వాక్యం ఒక్క తీరుగా ప్రవర్తించదని ఈ రెండు ఉదాహరణలూ తెలుపుతాయి. నియమాన్ని చెప్పే వాక్యం ఉనికిని కోరదు. పరిశీలించి చెప్పినట్లు వినిపించే వాక్యం కోరుతుంది.

ఆధునిక తర్కం అభ్యుపగమాన్ని పూర్తిగా తొలగించిందనుకోవడమూ పొరపాటే. అది వర్గవాచకాల నుంచి దాన్ని తీసివేసి సంజ్ఞానామాల మీద మోపింది. సాధారణ ప్రతీకాత్మక తర్కంలో ప్రతి పేరుకూ ఒక వ్యక్తి ఉండి తీరాలి. “సోమలింగం సోమలింగమే” అన్న మాట నుంచి “సోమలింగం అనేవాడు ఒకడున్నాడు” అనే నిగమనం అక్కడ సప్రమాణం. సామెత హేళన చేసిన మెట్టు ఇదే. పేరును ఈ బాధ్యత నుంచి విడిపించే తర్కానికి 1960లో కారెల్ లాంబర్ట్ ‘స్వేచ్ఛా తర్కం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

4. తెలుగు వాక్యం చూపే భేదం

పాశ్చాత్య చర్చలో చిక్కుకు ఒక కారణం భాషాగతం. అక్కడి భాషల్లో ఒకే క్రియ ఉనికిని, విశేషణ సంబంధాన్ని రెండింటినీ సూచిస్తుంది. తెలుగులో ఈ రెండూ వేరు. “నన్నయ కవి” అనే వాక్యానికి క్రియ అక్కరలేదు. ఉనికిని చెప్పాలంటే ‘ఉండు’ ధాతువు రావాలి. నిషేధంలో ఈ భేదం మరింత తేటపడుతుంది. విశేషణ సంబంధాన్ని ‘కాదు’ నిషేధిస్తుంది, ఉనికిని ‘లేదు’ నిషేధిస్తుంది. “అది కుందేటికొమ్ము కాదు” అనే వాక్యానికి, “కుందేటికొమ్ము లేదు” అనే వాక్యానికి మధ్య ఎంత దూరముందో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా తెలుసు.

అలాగే “ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది” వంటి ‘తే’ ప్రత్యయాంత నిర్మాణం సార్వత్రిక నియమాన్ని ఉనికి పూచీ లేకుండా చెప్పడానికి సిద్ధంగా ఉంది. అందువల్ల “అన్నీ ఇలాంటివే” అనే వాక్యాన్ని “ఉంటే ఇలాంటివే” అని మార్చి చూడటం తెలుగులో సహజమైన పరీక్ష. మార్చిన తర్వాత కూడా వాదం నడిస్తే అభ్యుపగమం అవసరం లేదు. నడవకపోతే, వాదం దాని మీదే ఆధారపడి ఉందని తేలుతుంది.

5. న్యాయ-బౌద్ధ వివాదం: ఆశ్రయం లేని అనుమానం

భారతీయ తర్కంలో ఈ సమస్య ఆశ్రయాసిద్ధి అనే పేరుతో చర్చకు వచ్చింది. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాసాలను ఐదుగా విభజించి, వాటిలో అసిద్ధాన్ని మళ్ళీ ఆశ్రయాసిద్ధం, స్వరూపాసిద్ధం, వ్యాప్యత్వాసిద్ధం అని మూడుగా చూపాడు. మొదటిదానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ గగనారవిందం. ఆకాశకమలం పరిమళం గలదని, కమలం కావడమే అందుకు హేతువని, సరస్సులోని కమలం దృష్టాంతమని వాదం. ఇక్కడ హేతువు నిలవడానికి ఆశ్రయమైన ఆకాశకమలమే లేదు కాబట్టి అనుమానం కలగదు.

దీన్ని పాశ్చాత్యుల అస్తిత్వదోషానికి భారతీయ రూపమని తేల్చివేయడం సులభం. ఆ సమీకరణ నిలవదు. “ఆకాశకమలాలన్నీ కమలాలు, కమలాలన్నీ పరిమళం గలవి, కనుక ఆకాశకమలాలన్నీ పరిమళం గలవి” అనే న్యాయం ఆధునిక తర్కంలో నిర్దుష్టం. అందులో పాక్షిక నిగమనం లేదు, కాబట్టి అస్తిత్వదోషమూ లేదు. నైయాయికుడు దాన్ని కూడా తిరస్కరిస్తాడు. కారణం, అతని దృష్టిలో అనుమానం వాక్యాల మధ్య రూపసంబంధం మాత్రమే కాదు, యథార్థజ్ఞానాన్ని కలిగించే ప్రమాణం. తెలుసుకోవడానికి వస్తువే లేనిచోట జ్ఞానం దేని గురించి? పాశ్చాత్య తర్కంలో దోషం ఆధారం నుంచి నిగమనానికి వెళ్ళే మెట్టులో ఉంది. న్యాయశాస్త్రంలో దోషం వాదం మొదలుపెట్టిన చోటులోనే ఉంది.

న్యాయదర్శనం కోరే దృష్టాంతం కూడా ఈ దృష్టికి అనుగుణమైనదే. పొగకూ నిప్పుకూ గల వ్యాప్తిని చెప్పి ఊరుకోకుండా వంటిల్లును చూపడం వల్ల, నియమం కనీసం ఒకచోట నెరవేరిందన్న హామీ వాదంలోనే చేరుతుంది. కేవలవ్యతిరేకి అనుమానంలో అన్వయదృష్టాంతం దొరకదన్నది నిజమే. అక్కడ కూడా పక్షం మాత్రం సిద్ధమై ఉండాలి.

బౌద్ధులకు ఈ నిర్బంధం అడ్డుగా నిలిచింది. ఉన్నదంతా క్షణికమని సాధించాలంటే, క్షణికం కానిది ఉండదని వ్యతిరేకవ్యాప్తిని చూపాలి. దానికి దృష్టాంతంగా కుందేటికొమ్ము వంటి అసత్తును చెప్పవలసి వచ్చింది. జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి అసద్విషయక వ్యవహారాన్ని సమర్థించారు. ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకంలో దాన్ని ఎదిరించాడు. లేనిదాన్ని గురించి విధిగాని నిషేధంగాని చెప్పరాదని, అటువంటి ప్రశ్నకు మౌనమే తగినదని ఆయన పక్షం. “కుందేటికొమ్ము లేదు” అనే వాక్యానికి నైయాయికులు చెప్పే అర్థం కూడా ఇక్కడ గమనార్హం. లేని కొమ్ము గురించి అది ఏమీ చెప్పడం లేదు. ఉన్న కుందేలులో, వేరేచోట ఉన్న కొమ్ముకు, అభావాన్ని చెబుతోంది. వాక్యాన్ని విడదీసి శూన్యపదాన్ని కరిగించే ఈ పద్ధతికీ, 1905లో బెర్ట్రండ్ రస్సెల్ వర్ణనపదాల విషయంలో చేసిన విశ్లేషణకూ పోలిక స్పష్టం. అయితే రస్సెల్ ఫ్రాన్సు ప్రస్తుతపు రాజు బట్టతలవాడనే వాక్యాన్ని అసత్యమన్నాడు. ఉదయనుడు అటువంటి వాక్యం చర్చకే అర్హం కాదంటాడు. ఈ విషయంలో ఆయన స్ట్రాసన్‌కు దగ్గర.

6. అన్వయం: ప్రాఙ్నన్నయ కావ్యచర్చ

ఇంతవరకు చూసిన భేదాలు తెలుగు సాహిత్యపరిశోధనలో ఎంత అవసరమో ప్రాఙ్నన్నయ కావ్యచర్చ తెలుపుతుంది. నన్నయకు పూర్వం తెలుగు పద్యం ఉందనడానికి శాసనాలే సాక్ష్యం. క్రీ.శ. 848 నాటిదిగా భావించే పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఉంది. యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో మధ్యాక్కరలున్నాయి. జినవల్లభుని కురిక్యాల శాసనంలో కందాలున్నాయి. అయితే ఇవి శాసనపద్యాలు, కావ్యాలు కావు. నన్నయకు పూర్వపుదని అందరూ ఒప్పుకొన్న తెలుగు కావ్యం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

ఈ నేపథ్యంలో ఒక వాదాన్ని నమూనాగా రూపొందించి పరీక్షించవచ్చు. “నన్నయకు పూర్వపు తెలుగు కావ్యాలన్నీ దేశిచ్ఛందస్సులో రచితాలు. నన్నయకు పూర్వపు తెలుగు కావ్యాలన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి. కాబట్టి కాలగర్భంలో కలిసిన తెలుగు కావ్యాలలో కొన్ని దేశిచ్ఛందస్సులో రచితాలు.” ఇది అచ్చంగా డరాప్టి రూపం. చదవడానికి ఏ లోపమూ కనిపించదు. ‘ఉంటే’ పరీక్ష చేస్తే లోపం బయటపడుతుంది. “నన్నయకు పూర్వం కావ్యాలు ఉంటే అవి దేశిచ్ఛందస్సులోనివి, ఉంటే అవి నశించాయి” అనే రెండు వాక్యాల నుంచి “కొన్ని ఉండేవి” అనే నిగమనం రాదు. ఉనికి ఎక్కడా నిరూపితం కాకుండానే నిగమనంలోకి ప్రవేశించింది.

మొదటి ఆధారవాక్యానికి మరో చిక్కు కూడా ఉంది. వర్గం నుంచి ఒక్క కావ్యమైనా మన ముందుకు రానంతకాలం దాన్ని ఖండించడం అసాధ్యం. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించి, కవి నన్నయకు పూర్వుడని వాదించాడు. ఆ కాలనిర్ణయాన్ని తర్వాతి పండితులలో పలువురు అంగీకరించలేదు. ఒకవేళ అంగీకరిస్తే ఏమవుతుంది? వర్గానికి ఒక సభ్యుడు దొరుకుతాడు, ఉనికి సమస్య తీరుతుంది. కాని ఆ కావ్యం వృత్తాలతో కూడిన చంపువు. కనుక అన్నీ దేశిచ్ఛందస్సులోనివే అనే మాట ఆ క్షణమే అసత్యమవుతుంది. అంటే ఈ సార్వత్రిక వాక్యానికి రక్షణ సాక్ష్యాల నుంచి రాలేదు, సాక్ష్యాల లేమి నుంచి వచ్చింది. ఖండనకు దొరకకపోవడాన్ని బలంగా పొరబడటం ఇక్కడి ప్రమాదం.

దీనికి వ్యతిరేకమైన తొందరపాటు కూడా అంతే దోషయుక్తం. కావ్యాలు దొరకలేదు కాబట్టి లేవనడం మరొక అభ్యుపగమం. అభావం తెలియాలంటే యోగ్యానుపలబ్ధి కావాలి. వస్తువు ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితి ఉండి, అయినా కనబడకపోవాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో అలా అనరాదు. తాటాకు గ్రంథాలు తిరిగి నకలు తీయకపోతే శతాబ్దాల పాటు నిలవడం కష్టం. కాబట్టి పదో శతాబ్ది కావ్యం దొరకకపోవడం చీకటి గదిలో కుండ కనబడకపోవడం వంటిదే. ‘అలభ్యం’ అనే మాట ‘అసత్తు’కు పర్యాయపదం కాదు. నిజానికి ‘అలభ్య కావ్యం’ అనే ప్రయోగంలోనే కావ్యం ఒకప్పుడు ఉండేదన్న అంగీకారం దాగి ఉంది.

నన్నయ భారతంలోని పరిణతిని చూసి పూర్వసాహిత్యం ఉండి తీరాలని చెప్పేవారు నిజానికి అర్థాపత్తిని ఆశ్రయిస్తున్నారు. పగలు భుజించని దేవదత్తుడు లావుగా ఉంటే రాత్రి భోజనాన్ని కల్పించుకోవలసి వచ్చినట్లే ఇది కూడా. పద్ధతి గౌరవించదగినదే, ఉనికిని దాచకుండా నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. కాని అర్థాపత్తి అనివార్యమైనంత మేరకే కల్పిస్తుంది. రాత్రి భోజనం సిద్ధిస్తుందే తప్ప ఆ భోజనంలోని వంటకాలు సిద్ధించవు. నన్నయ పరిణతి నుంచి పూర్వపు పద్యరచనాభ్యాసం సిద్ధించవచ్చు. దానికి శాసనాలూ తోడ్పడతాయి. సమగ్ర కావ్యాలు, వాటి ఛందస్సు, వాటి ఇతివృత్తాలు అంతమాత్రాన సిద్ధించవు. కన్నడ, సంస్కృత కావ్యాల పరిచయం వల్ల కూడా పరిణతి రావచ్చునన్న ప్రత్యామ్నాయం తొలగేదాకా అర్థాపత్తి పూర్తి కాదు.

7. ముగింపు

పై వివేచన వల్ల తేలిన అంశాలివి.

ఒకటి, అస్తిత్వాభ్యుపగమం అనుమానానికి బయటి విషయం కాదు. దాన్ని ఒప్పుకుంటే 24 న్యాయరూపాలు నిలుస్తాయి, ఒప్పుకోకపోతే 15 నిలుస్తాయి. ఏ సంప్రదాయమూ దాన్ని మూల్యం లేకుండా వదిలించుకోలేదు.

రెండు, ఆశ్రయాసిద్ధి, అస్తిత్వదోషం వేరువేరు. మొదటిది వాదానికి విషయం లేకపోవడం, రెండోది నిగమనం ఆధారాలను దాటిపోవడం. తెలుగు తర్కబోధనలో వీటిని పర్యాయాలుగా వాడకపోవడం మంచిది.

మూడు, అలభ్య సాహిత్యం గురించి వాదించేటప్పుడు ఉనికిని విడిగా ఒక ఆధారవాక్యంగా రాసి, దానికి ప్రమాణమేదో చెప్పడం పరిశోధకుని బాధ్యత. ప్రమాణం శాసనమా, ఇతర కవుల ఉల్లేఖనమా, లక్షణగ్రంథ ఉదాహరణమా, అర్థాపత్తియా అన్నదాన్ని బట్టి నిగమనం బలం మారుతుంది. ప్రమాణం లేనప్పుడు నిగమనాన్ని ‘ఉంటే’ అనే షరతుతోనే వదిలిపెట్టాలి.

షరతుతో ముగిసిన నిగమనం బలహీనంగా కనిపించవచ్చు. రేపు ఏ మఠంలోనో, ఏ అటకమీదనో ఒక తాటాకు కట్ట బయటపడితే దిద్దుకోవలసిన అవసరం రానిది మాత్రం అదే. కొడుకు పుట్టాక పేరు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.